రోయింగ్ సంఘం నడపడం ఎలా? పడవ కొనడం ఆఖరి పని

హైదరాబాద్‌లో రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే ఆట కోసం ఒక సంఘం పెడదామని పది మంది కూర్చుంటే మొదటి మీటింగ్‌లోనే వచ్చే ప్రశ్న: పడవ ఎంతవుతుంది? ఆ ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. చేతిలో డబ్బుంటే పడవ కొనడం ఎంతసేపు? కొన్నదాన్ని షెడ్డులో దుమ్ము పట్టనివ్వకుండా వారానికి ఆరు రోజులు నీళ్ల మీద తిప్పడమే కష్టం. సంఘం చేసే పనిలో ఎక్కువ భాగం గట్టు మీదే ఉంటుంది: అనుమతులు, ఈత, లెక్కలు, అంపైర్లు, పిల్లల పరీక్షలు. ఆ పనులన్నీ ఏ వరసలో చేసుకోవాలో చెప్తాను. మీరు క్రీడాకారులే అయి ఉండక్కర్లేదు. తెల్లవారుజామున ఐదింటికి లేచే అలవాటు ఉంటే చాలు.

ముందు, ఉన్న గొడుగు కిందికి చేరండి

మన దేశంలో ఈ ఆట బాధ్యత 1976లో ఏర్పడిన రోయింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాది. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా శాఖలు, క్లబ్బులు. మీ పిల్లలు తెలంగాణ తరఫున జాతీయ పోటీలకు వెళ్లాలంటే ఎంట్రీ రాష్ట్ర సంఘం చేతుల మీదుగానే వెళ్లాలి. కాబట్టి మొదటి రోజే వెళ్లి రాష్ట్ర సంఘం కార్యదర్శిని కలవండి. 'మాదీ రాష్ట్ర సంఘమే' అంటూ ఇంకో బోర్డు మాత్రం తగిలించకండి. మన దేశంలో ఎన్నో ఆటలను పాడు చేసింది ఈ రెండు బోర్డుల గొడవే. కోర్టు వాయిదాలు తెమిలేలోపు జూనియర్లకు వయసు దాటిపోతుంది.

క్లబ్‌గానో జిల్లా శాఖగానో సొసైటీ రిజిస్టర్ చేయించుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఇక్కడా నడుస్తోంది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బైలాస్ ఎవరో రాసిన నమూనా నుంచి దించేయకుండా మూడు విషయాలు మీరే కూర్చుని రాసుకోండి. పదవీకాలం ఎన్నేళ్లు, జట్టు ఎంపిక ఎవరు ఏ కొలమానంతో చేస్తారు, పడవ విరిగితే ఖర్చు ఎవరిది. చాలా గొడవలు ఈ మూడో దాని దగ్గరే మొదలవుతాయి.

అధ్యక్షుడిగా ఒక పెద్ద మనిషిని పెట్టుకోవడం మన దగ్గర రివాజు. పెట్టుకోండి, అనుమతుల ఫైలు కదలడానికి పనికొస్తుంది. కార్యదర్శిని, కోశాధికారిని మాత్రం పొద్దున్నే గట్టు మీద కనిపించే వాళ్లలోంచే ఎన్నుకోండి.

అమెచ్యూర్ సంఘం ఎలా నిలబడుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858 నాటిది, మద్రాస్ బోట్ క్లబ్ 1867 నాటిది, పుణెలో రాయల్ కన్నాట్ బోట్ క్లబ్ ఆ మరుసటి ఏడాదిది. ఇలాంటి క్లబ్బులను, శ్రీలంకలోని కొలంబో క్లబ్‌తో సహా, ఒక తాటి మీదికి తెచ్చినదే అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఆఫ్ ది ఈస్ట్. దాని ముఖ్యమైన పని ఊరు మార్చుకుంటూ రెగాటా, అంటే పడవ పోటీల పండగ, జరిపించడం. ఆ క్యాలెండర్ కోసమే క్లబ్బులు పడవలు బాగు చేయించుకుంటాయి, కొత్తవాళ్లను తయారు చేసుకుంటాయి. మీ సంఘానికీ అలాంటి తేదీ ఒకటి కావాలి. దాని సంగతి కాస్త ముందుకెళ్లాక చెప్తాను.

నీళ్లు చూసుకోండి, గాలి కూడా

గండిపేట, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు; అక్కడ అనుమతి కోసం తిరిగి చెప్పులు అరగదీసుకోకండి. దుర్గం చెరువు అందంగా ఉంటుంది కానీ సూటిగా వెళ్లే నీటి దారి చిన్నది. మిగిలింది హుస్సేన్ సాగర్. దాని చుట్టూ హెచ్‌ఎండీఏ, పర్యాటక సంస్థ, లేక్ పోలీసులు, జీహెచ్‌ఎంసీ ఉన్నాయి. అందరికీ ఒకే దరఖాస్తు పట్టుకుని తిరగకండి. గట్టు, షెడ్డు వాడుకోవడానికి ఒకటి, పర్యాటక బోట్ల వేళలతో సర్దుబాటుకి ఒకటి, రక్షణ ఏర్పాట్ల గురించి పోలీసులకు ఒకటి, ఇలా విడివిడిగా రాయండి. ఎవరి పరిధిలో ఉన్న విషయం వాళ్లకు రాస్తేనే సంతకం త్వరగా పడుతుంది.

తెరచాప పడవల వాళ్లకూ మనకూ ఇక్కడే తేడా. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జూలై ప్రాంతంలో పెట్టుకునేది నైరుతి గాలి కోసం. మనకు ఆ గాలే శత్రువు. రేసు పడవ అంచు నీటికి కొన్ని అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. అల లేచిందంటే నీళ్లు ఒళ్లోకే. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తెల్లారి ఐదున్నరకి నీళ్లలో దిగి, ఏడున్నరకి, అంటే టూరిస్టు స్పీడ్ బోట్లు బయల్దేరక ముందే, గట్టెక్కేయాలి. వినాయక నిమజ్జనం ముందూ వెనకా కొన్ని రోజులు నీళ్ల మీద ప్రాక్టీస్ పూర్తిగా ఆపేయండి. క్రేన్లు, జనం, ట్రాఫిక్ ఒక ఎత్తు. తర్వాత నీళ్లలో మిగిలిపోయే ఇనప చువ్వలు, కర్రలు ఒక ఎత్తు. పలుచని కార్బన్ ఫైబర్ అడుగుకి ఒక్క చువ్వ చాలు. మళ్లీ దిగే ముందు మోటారు బోటులో ఒకరు తిరిగి దారి చూసి రావాలి. గుర్రపు డెక్క పేరుకున్న మూలలను కూడా అప్పుడే గుర్తు పెట్టుకోవచ్చు.

నీటి శుభ్రత గురించి దాపరికం వద్దు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఈ చెరువులోకే వస్తాయి. చేతి మీద బొబ్బ చిట్లితే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేయకుండా ఎవరినీ దించకండి. రోయింగ్‌లో బొబ్బలు రానివాళ్లు ఉండరు గనుక ఆ ప్లాస్టర్లు డబ్బాల లెక్కన కొనుక్కోవాలి. గట్టెక్కగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఇడ్లీ పొట్లం విప్పాలి. తల్లిదండ్రులు మొదట అడిగేదీ దీని గురించే.

ఈత రానివాళ్లను పడవ ఎక్కించకండి

దీనికి మినహాయింపు లేదు, అధ్యక్షుడి గారి అబ్బాయికి కూడా. మామూలు బట్టలతో 50 మీటర్లు ఈదాలి, రెండు నిమిషాలు నీళ్లలో తేలుతూ నిలబడాలి. స్విమ్మింగ్ పూల్‌లో ఈ పరీక్ష పెట్టి, తేదీ వేసి, రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి. తర్వాత పూల్‌లోనే ఒక పాత పడవను కావాలని తిరగేసి చూపించండి. పాదాలు బూట్లలో కట్టేసి ఉంటాయి కదా, తలకిందులైతే ఎలా అన్నదే కొత్తవాళ్ల టెన్షన్. బూటు మడమ దగ్గర ఒక చిన్న తాడు ఉంటుంది. మడమ ఏడు సెంటీమీటర్లకు మించి లేవకుండా అదే ఆపుతుంది. పడవ తిరగబడ్డప్పుడు కాళ్లు లాగితే ఆ తాడు బిగుసుకుని పాదం బూటులోంచి ఊడి వచ్చేస్తుంది. పిల్లలు ఒకసారి చేసి చూస్తే సగం భయం అక్కడే పోతుంది. ఆ తాడు తెగిన పడవను ఆ పూటకు పక్కన పెట్టేయండి.

రోవర్ వెనక్కి తిరిగి కూర్చుంటాడు; వెళ్లే దిక్కు కనిపించదు. అందుకని చెరువు పటం గీసి, అందరూ ఒకే దిశలో చుట్టు తిరిగేలా నియమం పెట్టి, షెడ్డు గోడకు అంటించండి. పడవ ముక్కున నాలుగు సెంటీమీటర్ల తెల్ల రబ్బరు బంతి తప్పనిసరి. అది అలంకారం కాదు. గుద్దుకున్నప్పుడు పడవ మొన ఎదుటివాడి వీపులో దిగకుండా ఆపేది అదే. మోటారు బోటు, లైఫ్ జాకెట్లు, తాడు, ఫోన్ లేని రోజు ప్రాక్టీస్ కూడా లేదు. ఇది లోతు తక్కువ చెరువేలే అని తేలిగ్గా తీసుకోకండి. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు ఒరిగి మనుషులు చనిపోయింది ఈ నీళ్లలోనే.

ఎర్గ్‌తో మొదలుపెట్టండి

మీ మొదటి పెద్ద కొనుగోలు రోయింగ్ మెషీన్, అందరూ ఎర్గ్ అనేది. కొత్తది లక్ష దాటుతుంది. కానీ రెండు ఎర్గులతో ఒక స్కూలు వరండాలో రోజుకు నలభై మంది పిల్లలకు ఆట రుచి చూపించవచ్చు. అదే డబ్బుతో కొత్త రేసు పడవ ఒక్కటి కూడా రాదు. నేర్పాల్సిన వరస ఒకటే: లాగేటప్పుడు కాళ్లు, నడుము, చేతులు, తిరిగి ముందుకొచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్లు. ఇది ఒంటికి పట్టకుండానే పిల్లాడిని నీళ్లలోకి దించితే చేతులతో మాత్రమే లాగడం అలవాటవుతుంది. తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి కోచ్ తల ప్రాణం తోకకొస్తుంది.

జిమ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు రాగానే పక్కనున్న డాంపర్ మీటను (ఎర్గ్ ఫ్యాన్‌లోకి వెళ్లే గాలిని సర్దేది) పదికి తిప్పుతారు. బలమంతా అక్కడే ఉందనుకుంటారు. దాన్ని మూడుకీ ఐదుకీ మధ్య పెట్టించండి. రోజూ అయిపోయాక సీటు జారే పట్టాను గుడ్డతో తుడిస్తే నల్లటి మడ్డి వస్తుంది. అది తుడవకపోతే సీటు చక్రాలు అరిగిపోతాయి. యాభై గంటల వాడకానికోసారి గొలుసుకి నూనె పట్టించాలి. ఈ డ్యూటీ పిల్లలకే వంతులవారీగా వేయండి, వాచ్‌మన్‌కి కాదు.

ఎవరిని వెతకాలి

నీళ్ల పక్కన పెరిగినవాళ్లే ఈ ఆటకు పనికొస్తారనుకోకండి. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ) స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్. 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానంలో నిలిచిన దత్తు భోకనళ్ నాసిక్ జిల్లా కరువు ప్రాంతంలో బావులు తవ్వే పని చేసి, సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. మొదట్లో నీళ్లంటే భయపడ్డాడు కూడా. 2018 ఆసియా క్రీడల్లో క్వాడ్ (నలుగురి పడవ) స్వర్ణం గెలిచిన నలుగురిలో అతనూ ఉన్నాడు.

అంటే మీరు చూడాల్సింది ఎత్తు, చేతుల పొడవు, ఓర్పు. గురుకులాలు, ప్రభుత్వ పాఠశాలలు, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు, వాలీబాల్, బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరకని పొడుగు అమ్మాయిలు. ఒక శనివారం పీఈటీ సార్‌ని బతిమాలి ఎర్గ్ తీసుకెళ్లి 500 మీటర్ల పందెం పెట్టండి. మంచి టైమ్ ఎవరు కొట్టారన్నది రాసుకోండి. అయిపోయాక 'ఇంకోసారి చేస్తా' అన్నది ఎవరో దాని పక్కనే రాసుకోండి. నన్నడిగితే రెండో జాబితాకే విలువ ఎక్కువ.

పొట్టిగా, తేలిగ్గా ఉండి గొంతు ఖంగుమనే పిల్లలు కనిపిస్తే వాళ్లనూ వదలకండి. ఎనిమిది మంది పడవకు దారి చూపే కాక్స్ కావాలి.

ఇప్పుడు పడవలు

సింగిల్ స్కల్ ఎనిమిది మీటర్లకు పైనే పొడవు, బరువు కనీసం 14 కిలోలు. ఎనిమిది మంది పడవ దాదాపు 17 మీటర్లు, కనీసం 96 కిలోలు. టేప్ పట్టుకుని ముందు షెడ్డు కొలవండి. మొదట వెడల్పాటి ట్రైనింగ్ పడవలు, ఆ తర్వాత డబుల్ స్కల్స్, అంటే ఇద్దరి పడవలు. డబుల్‌లో ఒక పాత చేయి, ఒక కొత్త చేయి కూర్చుంటే కోచ్ పని సగం తగ్గుతుంది. పాత క్లబ్బులు తీసేసే పడవల కోసం పుణె, కోల్‌కతా, చెన్నైలలో వాకబు చేస్తూ ఉండండి. కొనే ముందు నెల వెయిట్ చేసినా పర్లేదు. అడుగున అతుకులు, గాలి అరల మూతలు, రిగ్గర్ (తెడ్డును పట్టి ఉంచే చట్రం) బోల్టులు చూడకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి.

వాడకం పద్ధతి గోడ మీద రాసి పెట్టండి. పడవను ఎత్తే ముందు ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. గట్టెక్కాక మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, గాలి అరల మూతలు తెరిచి స్టాండు మీద నీడలో ఉంచాలి. మే నెల ఎండలో ఆరుబయట వదిలేస్తే పడవ ఒంకర పోవడం ఖాయం. ప్రతి పిల్లాడి బ్యాగులో పది నంబరు స్పానర్ ఉండాలి.

ఏడాదికి ఒక తేదీ

ఇప్పుడు ఆ తేదీ సంగతి. ఏది ఏమైనా జరిగి తీరే ఒక స్థానిక రెగాటా పెట్టుకోండి. హైదరాబాద్‌కి నవంబర్ ఆఖరు, డిసెంబర్ బాగుంటాయి: గాలి నెమ్మదిస్తుంది, ఎండ తగ్గుతుంది, ఇంటర్ పరీక్షల వేడి ఇంకా అంటుకోదు.

ఒలింపిక్ పద్ధతిలో 2000 మీటర్లు, ఆరు లేన్లు, ఒక్కో లేను పదమూడున్నర మీటర్లు, వరసగా తేలే బోయ్‌లు... ఇవన్నీ మొదటి ఏడాదే పెట్టబోతే బడ్జెట్ అక్కడే మునుగుతుంది. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇద్దరిద్దరికి 500 మీటర్ల పందెం. మొదలు, సగం, ముగింపు దగ్గర తప్ప బోయ్‌లు అక్కర్లేదు. రెండోది హెడ్ రేస్: పడవలను అర నిమిషం తేడాతో ఒక్కొక్కటిగా వదిలి, టైమ్ చూసి విజేతను తేల్చడం. దీనికి లేన్లే అక్కర్లేదు. కొత్త సంఘానికి నా ఓటు హెడ్ రేస్‌కే. మొదలు దగ్గర, ముగింపు దగ్గర ఉన్న ఇద్దరి గడియారాలు ఒకే క్షణానికి కలిపి పెట్టుకుంటే సరిపోతుంది. రాయడానికి మాత్రం ప్రతి చోటా ఇద్దరేసి ఉండాలి, ఒకరు నంబర్ చదవడానికి, ఒకరు రాయడానికి.

బయటి ఊళ్ల జట్లను పిలిస్తే పడవలు మీరే సర్దండి. ఎనిమిదిన్నర మీటర్ల వస్తువును చెన్నై నుంచి లారీ మీద తెచ్చే ఖర్చు చూసి ఎవరూ రారు. ఎవరికి ఏ పడవ అన్నది అందరి ముందు చీటీ తీయండి. మంచి పడవ ఆతిథ్య జట్టుకే పడిందన్న గొణుగుడు ఆ చీటీతోనే ఆగిపోతుంది.

అంపైర్లను ఇప్పటి నుంచే తయారు చేసుకోండి. ఆడడం మానేసిన సీనియర్లు, ఓపికున్న తల్లిదండ్రులు దీనికి బాగా పనికొస్తారు. ప్రారంభంలో స్టార్టర్ జట్ల పేర్లు చదివి, 'అటెన్షన్' అని ఎర్ర జెండా ఎత్తి, ఒక క్షణం ఆగి, 'గో' అంటూ జెండా దించుతాడు. ముందే కదిలితే పసుపు కార్డు. అదే జట్టు మళ్లీ కదిలితే రేసు నుంచి బయటికి. ముగిశాక అంపైర్ తెల్ల జెండా ఎత్తితే అంతా సవ్యం, ఎర్ర జెండా ఎత్తితే అభ్యంతరం ఉన్నట్టు. మీ చిన్న పోటీలో కూడా ఇదే పాటించండి. మొదటిసారి నేషనల్స్‌కి వెళ్లిన పిల్లాడు జెండా చూసి బిత్తరపోకూడదు.

డబ్బు ఎక్కడి నుంచి

పిల్లల దగ్గర ఫీజు మీద సంఘం నడవదు, నడవకూడదు కూడా. ఈ ఊళ్లో మీకున్న బలం గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసులు. వారాంతం పొద్దున పెద్దవాళ్లకు రోయింగ్ నేర్పే బ్యాచ్ పెట్టి పూర్తి ఫీజు తీసుకోండి. నలభై దాటాక తెడ్డు పట్టినవాళ్లే చాలాసార్లు సంఘానికి గట్టి సభ్యులవుతారు. లెక్కలు రాసేది, వెబ్‌సైట్ చూసేది, మోటారు బోటుకి డీజిల్ పోయించేది కూడా వాళ్లే. ఆ ఫీజుతో హాస్టల్ పిల్లల పాలూ గుడ్లూ నడవాలి.

తర్వాత సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో ఒలింపిక్ క్రీడల శిక్షణ ఉంది. రోయింగ్ ఒలింపిక్ క్రీడే. అయితే కంపెనీ వాళ్లు ముందుగా అడిగేది మీ ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (12ఎ, 80జి అని పిలిచేవి), కంపెనీల శాఖ ఇచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు. ఇవి లేకుండా మంచి ప్రజెంటేషన్ పట్టుకెళ్లి ప్రయోజనం లేదు. రిజిస్ట్రేషన్ అయిన వెంటనే ఆడిటర్‌ని పెట్టుకుని వీటికి దరఖాస్తు చేయండి. ఆ తర్వాత 'సాయం చేయండి' అని కాకుండా, వస్తువుగా అడగండి: రెండు ఎర్గులు, ఒక రక్షణ బోటు, ఒక కోచ్ ఏడాది జీతం. పడవ మీద కంపెనీ పేరు రాయించడానికి మొహమాటపడకండి.

కాగితాలు, పరీక్షలు, మందులు

చేరిన రోజే జనన ధ్రువీకరణ పత్రం తీసుకోండి. టోర్నమెంట్ వారం ముందు అడిగితే వచ్చే పత్రాల మీద నమ్మకం పెట్టుకోలేం. వయసు దాచి ఆడించిన ఒక్క కేసు చాలు, సంఘం పేరు మొత్తం పోతుంది. అమ్మాయిలు ఉన్న ప్రతి బ్యాచ్‌కీ ఒక మహిళ బాధ్యురాలు ఉండాలి. కోచ్ ఒక్కడే ఒక్క పిల్లతో ప్రయాణం చేయకూడదన్న నియమం రాతలో ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో షెడ్డు గోడ మీద పేరుతో సహా ఉండాలి.

జనవరి నుంచి మే దాకా ఇంటర్, ఎప్‌సెట్ కాలం. ఆ నెలల్లో 'ఆటా చదువా' అని పంతానికి పోతే పిల్ల చదువు వైపే వెళ్తుంది, అది తప్పు కూడా కాదు. వారానికి ఆరు పూటలను మూడు చేయండి, ఒక ఎర్గ్‌ను హాస్టల్‌లోనే పెట్టండి, జూన్‌లో మళ్లీ పిలవండి. ఫోన్ చేసి పిలిస్తేనే వస్తారు, గ్రూపులో మెసేజ్ పెడితే రారు. సర్టిఫికెట్ల ఫైలు ప్రతి పిల్లకూ విడిగా ఉంచండి. స్పోర్ట్స్ కోటా కౌన్సెలింగ్ రోజు ఒరిజినల్ కోసం మీ ఇంటి తలుపు కొడతారు.

నేషనల్స్‌కి జట్టును పంపేటప్పుడు మేనేజర్‌గా వెళ్లే మనిషి చేతికి మందుల జాబితా ఇవ్వండి. రోయింగ్‌లోనూ నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు పోటీ అయ్యాక మూత్రం నమూనా తీసుకుంటారు. ముక్కు దిబ్బడకు వేసుకునే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. పోటీ రోజుల్లో అది పరిమితి దాటితే డోపింగ్ కిందే లెక్క. నాడా వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో పేరు కొట్టి చూడకుండా రైల్లో ఎవరికీ జలుబు మాత్ర కూడా ఇవ్వొద్దని మేనేజర్‌కి చెప్పి పంపండి.